గ్యాస్, టెన్షన్, నిద్రలేమి: ముందు రాత్రి భోజనం సంగతి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, ఇలాంటి ఇబ్బందే ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. మీకు 46 ఏళ్ళు. భీమవరం పక్కన వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నారు. తిన్న గంటకే కడుపు ఉబ్బరం, త్రేన్పులు, నడుం వాలిస్తే గుండెల్లో మంట. రాత్రి భోజనం పదిన్నరకి. రెండున్నరకి మెలకువ వచ్చిందంటే మళ్ళీ కన్ను మూతపడదు. తల నిండా మేత బాకీలు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), రేటు. రోజుకి ఆరేడు టీలు, నిద్ర పట్టాలని అప్పుడప్పుడు రెండు పెగ్గులు. గ్యాస్ మాత్ర రెండేళ్ళుగా రోజూ వేసుకుంటున్నారు. అడిగింది ఏమిటంటే, గ్యాస్‌కి త్రిఫల, టెన్షన్‌కి బ్రాహ్మి, నిద్రకి అశ్వగంధ, మూడూ కలిపి వాడొచ్చా అని.

ఇప్పుడే వద్దండి. నేను కోనసీమలో ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాణ్ణి, ఈ మందులన్నీ రోజూ రాసేవాణ్ణే. అయినా మీకు మొదట రాసేది చూర్ణం కాదు. మీవి మూడు జబ్బులు కావు. ఒకదాన్నొకటి లాగుతున్న ఒకే ముడి, ఆ ముడి కొస రాత్రి పదిన్నర భోజనంలో ఉంది.

దానికి ముందు ఒక మాట. 46 ఏళ్ళ మనిషికి గుండెల్లో మంట అన్నప్పుడు నేను నాడి పట్టుకునే ముందే కొన్ని ప్రశ్నలు వేస్తాను. మెట్లెక్కినా, గట్టు మీద గబగబా నడిచినా ఛాతీ బరువుగా ఉంటోందా? చెమటలు పడుతున్నాయా, ఎడమ చెయ్యో దవడో లాగుతోందా? అలా ఉంటే అది గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకోవాలి. గ్యాసే కదా అని సోడా తాగి పడుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. అలాగే మలం నల్లగా తారులా రావడం, రక్తం వాంతి కావడం, ముద్ద గొంతు దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గడం, వీటిలో ఏదున్నా ఎండోస్కోపీ ఆలస్యం చెయ్యొద్దు. రెండేళ్ళు మాత్ర వేసినా తగ్గని కడుపు కాబట్టి అవేవీ లేకపోయినా ఒకసారి డాక్టరుకి చూపించి, హెచ్. పైలోరీ (కడుపులో పుండ్లు చేసే బాక్టీరియా) పరీక్ష అవసరమా అని అడగండి. షుగరు, థైరాయిడ్, లివర్ పరీక్షలు కూడా చేయించండి. ఇంకొకటి మీ ఇంటావిడని అడగాలి: గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని. అవుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి ఏ లేహ్యమూ సరిపోదు.

ఇక అసలు విషయం. చరకుడు తన సంహితలో విమానస్థానం అనే భాగంలో ఒక మాట చెప్పాడు. మంచి ఆహారమే, తగిన మోతాదులోనే తిన్నా సరే, చింత, శోకం, భయం, కోపం, సరైన పడక లేకపోవడం, రాత్రి మేలుకోవడం, వీటివల్ల అది అరగదు అని. ఒక్కసారి మీ రోజుని దీని పక్కన పెట్టి చూడండి. మేత బాకీ చింత. కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయన్న భయం. పడక గట్టు మీద షెడ్డులో నులక మంచం. మేలుకోవడం సరేసరి. ఆ జాబితాలో మీకు లేనిది దాదాపు లేదు. ఇవన్నీ అలాగే ఉంచి పైనుంచి చూర్ణం పోస్తే అది కూడా అరగని వస్తువుల్లో ఒకటవుతుంది.

జఠరాగ్నిని, అంటే తిన్నది అరిగించే శక్తిని, మా శాస్త్రం నాలుగు రకాలుగా చెబుతుంది: సమం, విషమం, తీక్ష్ణం, మందం. మీరు రాసిన తీరు చూస్తే మీది విషమాగ్ని. ఒకరోజు చేపల పులుసు తిన్నా హాయిగా ఉంటుంది, ఇంకోరోజు రెండు ఇడ్లీలకే పొట్ట డప్పులా అవుతుంది. వేళాపాళా లేని తిండికీ, నిద్రలేమికీ, ఆందోళనకీ వాతం పెరిగి అగ్ని ఇలా నిలకడ తప్పుతుంది. పైగా మన నేల సంగతి ఒకటుంది. శాస్త్రం భూముల్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడుగా విడదీసింది. నీళ్ళూ బురదా తేమగాలీ ఎక్కువున్నది ఆనూపం, అక్కడ కఫవాతాలు ఎక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ పారిన ప్రతి ఊరూ ఇంకా తడినేల అయింది. ఇప్పుడు వరిచేల స్థానంలో ఏడాది పొడుగునా నీళ్ళుండే చెరువులొచ్చాయి. మెట్టలో పొలం దున్నేవాడికి అరిగినంత మీకూ నాకూ అరగదు. వానాకాలంలో మరీను.

అందుకని మొదటి పని, రాత్రి భోజనం ఏడున్నరకి. ఎనిమిది దాటకూడదు. చెరువు దగ్గర ఉండాల్సిన రోజైతే ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకోండి, అంతేకానీ మేత పని అయ్యాక ఇంటికెళ్ళి పదిన్నరకి తినొద్దు. పడుకునేసరికి కడుపులో అన్నం దిగి మూడు గంటలవ్వాలి. మంటకి సగం మందు ఇదే. తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఇంకొంత.

ఏం తినాలి? పాత బియ్యం అన్నం. కొత్త బియ్యం బరువు, ఏడాది నిలవున్నవి తేలిక అని శాస్త్రమూ చెబుతుంది, మన గాదెల కాలం ఇల్లాళ్ళకీ తెలుసు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ తిన్నా, సన్నాలు తిన్నా, అరుగుదలకి రకం కన్నా నిలవ ముఖ్యం. సార్వా, అంటే వానాకాలపు పంట, కోతవగానే ఆడించిన బియ్యం తింటే సంక్రాంతికి చాలామందికి పొట్ట బరువెక్కేది ఇందుకే. అన్నంలోకి పలచటి పెసరకట్టు, ఆనపకాయో బీరకాయో పొట్లకాయో ఒక కూర, చెంచాడు నెయ్యి. కంద, పనసపొట్టు, మినప్పిండి వంటలు, వేపుళ్ళు, రొయ్యల ఇగురు ఇవన్నీ మధ్యాహ్నానికి మార్చండి. మానేయమనడం లేదు, డెల్టాలో పుట్టి రొయ్యలు మానమంటే మీరు నా మాట వినరని తెలుసు. కడుపులో సగం అన్నం, పావు వంతు నీరు, మిగతా పావు గాలికి ఖాళీ అన్నది అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడి కొలత. ఇంకో నాలుగు ముద్దలు పడతాయి అనిపించినప్పుడే లేవాలి.

తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. వేడిగా, కాస్త నెయ్యితో, ముందు తిన్నది అరిగాక, మరీ గబగబా కాకుండా, మాట్లాడకుండా, మనసు పెట్టి తినమని చరకుడు చెప్పిన ఆహారవిధిలో, అంటే తినే పద్ధతిలో, ఉంది. రేపటి రేటు వాట్సాప్‌లో చూస్తూ తిన్న ముద్దకీ, కంచం చూస్తూ తిన్న ముద్దకీ తేడా వారం తిరక్కుండా మీకే తెలుస్తుంది.

ముందు తిన్నది అరిగిందని ఎలా తెలుసుకోవాలి? త్రేన్పులో తిన్న కూర వాసనా పులుపూ లేకుండా ఉండాలి. ఒళ్ళు తేలిగ్గా ఉండాలి. ఆకలీ దాహమూ వాటంతటవే వెయ్యాలి. ఇవి లేకుండా నాలుగింటికి బజ్జీలు, ఆరింటికి బిస్కెట్లు పంపిస్తుంటే, ఉడుకుతున్న అన్నంలో మళ్ళీ గుప్పెడు పచ్చి బియ్యం పోసినట్టే. అదీ ఉడకదు, ఇదీ పాడవుతుంది.

రాత్రి పెరుగు సంగతి. పెరుగన్నం లేకపోతే భోజనం పూర్తి కాదంటారు మనవాళ్ళు. కానీ రాత్రి పెరుగు వద్దని చరకుడూ వాగ్భటుడూ ఇద్దరూ స్పష్టంగా చెప్పారు. బరువు, కఫం చేస్తుంది. మధ్యాహ్నం మజ్జిగ తాగండి. మజ్జిగంటే పెరుగులో నీళ్ళు కలిపి గ్లాసులో తిప్పడం కాదు. తియ్యగా తోడుకున్న పెరుగుకి మూడు వంతులు నీళ్ళు పోసి కవ్వంతో నురగ లేచేదాకా చిలికి, పైకి తేలిన వెన్న తీసెయ్యాలి. అందులో వేయించి దంచిన జీలకర్ర, చిటికెడు వాము, కొంచెం సైంధవ లవణం, రెండు కరివేపాకు రెమ్మలు నలిపి వెయ్యండి. భోజనం చివర ఒక గ్లాసు. ఉబ్బరానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తెలియదు. గ్రహణికీ (అరుగుదల చెడి విరేచనాలు నిలకడ తప్పే జబ్బు) మొలలకీ కూడా తక్రమే, అంటే ఈ మజ్జిగే, పెద్ద మందు. ఒక్క హెచ్చరిక: మంట ఎక్కువున్న రోజుల్లో, పుల్లత్రేన్పులు గొంతుదాకా వచ్చేటప్పుడు, నడి ఎండాకాలంలో మజ్జిగ ఆపండి. ఆ రోజుల్లో చెంచాడు ధనియాలు నలగ్గొట్టి రాత్రి గ్లాసు నీళ్ళలో నానేసి, పొద్దున వడకట్టి తాగండి.

ఇప్పుడు నిద్ర. మీ వృత్తిలో రాత్రి మేలుకోక తప్పదు, అది నాకు తెలుసు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, ఆ వేళ ఏరియేటర్లు ఆగితే పంటే పోతుంది. రాత్రి తొమ్మిదికి పడుకోండి అని మీకు చెప్పడంలో అర్థం లేదు. మా శాస్త్రం మీలాంటివాళ్ళని మరిచిపోలేదు. అలవాటు లేకుండా రాత్రి మేలుకోవాల్సి వస్తే, ఎంతసేపు మేలుకున్నారో అందులో సగం సేపు పొద్దున్నే, ఏమీ తినకముందు నిద్రపొమ్మని వాగ్భటుడు చెప్పాడు. రాత్రి నాలుగు గంటలు మేలుకున్నారా, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఖాళీ కడుపుతో రెండు గంటలు పడుకోండి. లేచాక టిఫిన్. మీరిప్పుడు చేస్తున్నది దీనికి తలకిందులు: పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని, పదకొండింటిదాకా తిరిగి, మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తిని, ఫ్యాను కింద రెండు గంటలు. తిన్న వెంటనే పగటి నిద్ర కఫాన్ని పెంచి అగ్నిని చంపుతుంది, రాత్రి నిద్రనీ తినేస్తుంది. రోహిణీకార్తె ఎండల్లో రాత్రులు చిన్నవి కాబట్టి పగలు కాసేపు పడుకోవచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది. మిగతా కాలాల్లో మేలుకోని రోజున పగటి నిద్ర వద్దు. వీలైతే కాపలా వంతులు వేసుకోండి. మీరు ఒక రాత్రి, మీ భాగస్వామో నమ్మకమైన మనిషో ఒక రాత్రి. ఇది ఖర్చు అనుకోకండి.

టీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు, రోజుకి రెండో మూడో చాలు. ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది, రెండ్రోజులకొకటి చొప్పున తగ్గించండి. పెగ్గు మాత్రం పూర్తిగా ఆపండి. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది నిజమే, దాని మత్తు దిగేసరికి రెండో మూడో అవుతుంది, అప్పుడు ఠపీమని మెలకువ వస్తుంది. మీ రెండున్నర మెలకువకి అదొక కారణం. కడుపు మంటకి కూడా అదే. రోజూ తాగే అలవాటున్నవాళ్ళు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు, వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు సాయం తీసుకోవాలి.

మెలకువ వచ్చినప్పుడు టైము చూడకండి, ఫోన్ ముట్టుకోకండి. కాసేపటికీ నిద్ర పట్టకపోతే మంచం దిగి వసారాలో చిన్న లైటులో కూర్చోండి, రెప్పలు బరువెక్కాక మళ్ళీ వెళ్ళండి. మంచం మీద దొర్లుతూ లెక్కలు వేసుకోవడం అలవాటైతే మంచం చూడగానే లెక్కలే గుర్తొస్తాయి. ఇంగ్లీషు వైద్యంలో కూడా దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కన్నా ముందు చెప్పేది సీబీటీ-ఐ అనే ఇలాంటి అలవాట్ల చికిత్సే.

ఆ లెక్కలకి వేరే చోటు ఇవ్వాలి. సాయంత్రం భోజనానికి ముందు ఒక నోటుబుక్కులో రేపు ఎవరికి ఎంత కట్టాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ చెరువులో ఏం చూడాలి రాసి మూసెయ్యండి. బాకీ ఎంతో ఇంట్లో చెప్పారా? చాలామంది మగవాళ్ళు చెప్పరు. చెప్పని బాకీ అర్ధరాత్రి రెట్టింపు అవుతుంది. మనసుని అహితమైన ఆలోచనల నుంచి మళ్ళించడాన్ని చరకుడు సత్త్వావజయం అని ఒక చికిత్సగానే చెప్పాడు, అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. బతుకు మీద విసుగు, దేనిమీదా మనసు లేకపోవడం, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే ఆలస్యం చెయ్యకుండా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పడుకునే ముందు పాదాలకి నూనె. ఖర్చు లేనిది, అందుకే ఎవరూ లెక్క చెయ్యరు. రెండు చెంచాల నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, ఒక్కో అరికాలికి ఐదు నిమిషాలు, మడమ నుంచి వేళ్ళ వైపు బొటనవేలితో నొక్కుతూ రాయాలి. చీలమండ చుట్టూ, పిక్కల మీద కూడా. తర్వాత గుడ్డతో తుడవండి, లేకపోతే గచ్చు మీద జారతారు. చెరువు నీళ్ళలో నాని వేళ్ళ సందులు పుండ్లు పడి ఉంటే అక్కడ నూనె వద్దు, అది ముందు మానాలి. ఆదివారం తలంటు కూడా మళ్ళీ మొదలుపెట్టండి.

గేదె పాలు నిద్రకి మంచివని చరకుడు ప్రత్యేకంగా చెప్పాడు, మన ఇళ్ళలో ఉండేవి అవే. కానీ ఆవు పాలకన్నా బరువు, ఆకలి ఎక్కువున్నవాళ్ళకి సరిపడేవి. మీ అగ్ని కుదుటపడేదాకా వద్దు. తర్వాత అరగ్లాసు, సగం నీళ్ళు పోసి మరిగించి, చిటికెడు జాజికాయ పొడితో. ఆ పూట చేప తింటే మాత్రం పాలు వద్దు, రెండూ విరుద్ధాహారం, అంటే కలిపి తినకూడనివి. అశ్వగంధ పాలతో తాగమని డబ్బా మీద ఉంటుంది, రాత్రి పండుగప్ప చేప తిని ఆ పాలు తాగేవాళ్ళని చూస్తుంటాను.

ఇవన్నీ మూడు వారాలు చేశాక మందు. ఉబ్బరం ఇంకా ఉంటే హింగ్వష్టక చూర్ణం. ఇంగువ, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము జాతి అజమోదం, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవ లవణం, ఎనిమిది వస్తువులు. పావు చెంచా చూర్ణం నెయ్యితో కలిపి మొదటి ముద్దలో తినాలి, భోజనం అయ్యాక నీళ్ళతో మింగితే ఆ గుణం రాదు. ఉప్పుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు, మంట ఎక్కువున్నవాళ్ళు వాడకూడదు. మలబద్ధకం ఉంటేనే త్రిఫల, రాత్రి చెంచాలోపు గోరువెచ్చటి నీళ్ళతో. విరేచనం సాఫీగా అవుతున్నవాడికి త్రిఫలతో పనేమిటి?

అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ, నిద్రకి కొంత మేలు చేస్తుందని చిన్న చిన్న పరీక్షల్లో తేలింది. నేనూ రాస్తాను. కానీ అది అందరికీ కాదు. కొందరిలో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు సొంతంగా తీసుకోకూడదు. అందుకే పైన లివర్, థైరాయిడ్ పరీక్షలు చెప్పింది. దానితో బ్రాహ్మి కూడా కలిపితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో తెలియదు. ఒకసారి ఒక్కటే మందు.

మందు కొనేటప్పుడు డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. సంతలో పేరూ ఊరూ లేని పొట్లాలు వద్దు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి దొరికాయని 2004లో ఒక పరిశోధనలో వచ్చింది. మా వైద్యానికి అది తలవంపు, దాచి లాభం లేదు. భస్మాలు (లోహాలూ ఖనిజాలూ కాల్చి చేసే పొడులు) కలిసిన మందులు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా నోట్లో వేసుకోకండి.

గ్యాస్ మాత్ర రేపటి నుంచి ఆపెయ్యకండి. ఇన్నాళ్ళు వాడినది ఒక్కసారి మానేస్తే ఆమ్లం ఎగదన్ని మంట రెట్టింపవుతుంది, ఆయుర్వేదం పడలేదు అనుకుంటారు. అలాగని జీవితాంతమూ వద్దు, దీర్ఘకాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. భోజనం వేళ మారి మంట తగ్గాక, రాసిన డాక్టరుతోనే మాట్లాడి మోతాదు తగ్గించుకుంటూ రండి. బీ12 పరీక్ష కూడా అప్పుడే చేయించండి.

మూడు వారాల తర్వాత మళ్ళీ రాసేటప్పుడు ఈ వివరాలు ఇవ్వండి: రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఎన్ని రాత్రులు గట్టు మీద ఉన్నారు, పొద్దున ఎంతసేపు పడుకున్నారు, మలం ఎలా ఉంది, మంట ఏ రోజుల్లో వచ్చింది. పరీక్షల రిపోర్టుల్లో అంకెలు కూడా రాయండి. అశ్వగంధ మీకు ఇవ్వొచ్చో లేదో అవి చూశాకే చెప్పగలను.